పన్నెండు మీటర్ల గాలిపటం ఆత్మకథ

దుబాయ్ ఉమ్ సుఖీమ్‌లోని కైట్ బీచ్‌లో, ఇసుక మీద వాలిన ఒక గాలిపటం తన కథ తానే చెప్పుకుంటోంది. విస్తీర్ణం 12 చదరపు మీటర్లు. సంక్రాంతికి మేడల మీద ఎగిరే కాగితపు పటాలకు తాను దూరపు చుట్టమట. కాకపోతే ఒంటికి పాలిస్టర్ గుడ్డ, ముందు అంచున గాలి నింపిన గొట్టం, మాంజా బదులు 20 మీటర్లు దాటిన నాలుగు తాళ్లు.

ఆ గొట్టం ఆలోచన ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానిది. బ్రూనో, డొమినిక్ లెగేన్యూ అన్నదమ్ములు 1984లో దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. అలల్లో పడ్డా మునగకుండా తేలి, తాను మళ్లీ ఎగరగలుగుతోందంటే వాళ్ల చలవే.

కైట్‌సర్ఫింగ్‌కు, అంటే పటం లాగుతుంటే పలక మీద నిలబడి నీటిపై జారే ఆటకు, వెళ్లే రోజు తనకు పొద్దున్నే పనుండదు. ఎండకు ఎడారి నేల త్వరగా కాగుతుంది, గల్ఫ్ నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడి గాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రపు గాలి వస్తుంది. ఇక్కడ అది సాధారణంగా మధ్యాహ్నం, వాయవ్యం వైపు నుంచి వీస్తుంది. యజమాని ఫోన్‌లో ఆ వేళ కోసమే చూస్తాడు.

సుమారు 15 నాట్లు, అంటే గంటకు 28 కిలోమీటర్ల గాలి ఉంటే 75 కిలోల మనిషిని తాను హాయిగా లాగుతుంది. వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే 25 నాట్ల గాలికి తనను సంచిలోనే ఉంచి, 8 మీటర్ల చెల్లెల్ని బయటకు తీస్తాడు. అందులో తనకు చిన్నతనమేమీ లేదు.

వేగం కన్నా దిక్కు ముఖ్యం. వాయవ్య గాలి అలసిన మనిషిని ఒడ్డుకు చేరుస్తుంది. ఆగ్నేయం నుంచి, ఎడారి మీదుగా వచ్చే గాలి నడిసముద్రంలోకి ఈడ్చుకుపోతుంది. అలాంటి రోజున ఎంత మంచి గాలైనా ప్రయాణం రద్దే.

బీచ్‌కు చేరాక తొందర పనికిరాదు. పంపుతో గొట్టం గట్టిపడేదాకా గాలి కొట్టాలి. తాళ్లు చిక్కు లేకుండా పరిచి, దేని చోట దాన్ని తగిలించాలి. ప్రమాదంలో పటం బలాన్ని ఒక్కసారిగా వదిలించే క్విక్ రిలీజ్‌ను ప్రతిసారీ లాగి చూడాలి. గాలి పోయే వైపున మనుషులు, స్తంభాలు లేని ఖాళీ ఇసుక ఉండాలి.

సెలవు రోజుల్లో ఈ బీచ్‌కు వచ్చే తెలుగు కుటుంబాలకూ తనదొక విన్నపం. ఇసుక మీద తాళ్లు కనిపిస్తే వాటిని దాటకండి. పిల్లల చెయ్యి పట్టుకుని, పటం ఎగరేసే మనిషి వెనక నుంచి, గాలి వచ్చే వైపుగా చుట్టి వెళ్లండి.