ఉప్పు తగినంత

మా నాన్న పుట్టి పెరిగింది చినగంజాంలో, ఉప్పు కొఠార్ల మధ్య. అక్కడ నీళ్ళని ఎండబెట్టి ఉప్పు తీస్తారు. నేనుండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఇక్కడ ఉప్పు కొని నీళ్ళలో పోస్తారు. ఈ తేడా ఆయనకి నచ్చజెప్పడానికి నా ఇంజనీరింగ్ డిగ్రీ చాల్లేదు.

మేం ఇల్లు కొన్నప్పుడు వెనకాల స్విమ్మింగ్ పూల్ కూడా వచ్చింది, పెళ్ళికూతురితో పాటు తమ్ముడు వచ్చినట్టు. ఇరవై వేల గ్యాలన్లు, అంటే సుమారు డెబ్భై అయిదు వేల లీటర్లు. మొదటి ఏడాది మేం ఈదాం. తర్వాత అయిదేళ్ళు దానికి సేవ చేశాం. వారం వారం కాగితం ముక్క ముంచి రంగు చూడటం, క్లోరిన్ బిళ్ళలు వెయ్యడం, పిల్లలు ఎర్రటి కళ్ళతో బయటికొస్తే కళ్ళకలక కాదని వాళ్ళ అమ్మకి హామీ ఇవ్వడం. నీలం నిక్కర్లు నెలకల్లా బూడిద రంగుకి తిరిగేవి.

ఒక పుట్టినరోజు పార్టీలో మిత్రుడొకడు అక్షరాలా ఉప్పందించాడు. ‘‘సాల్ట్ వాటర్‌కి మార్చెయ్ బాస్, క్లోరిన్ గొడవే ఉండదు.’’ పైసా ఖర్చు లేని సలహా. అమలు చెయ్యడానికి మాత్రం రెండు వేల డాలర్లకి కాస్త తక్కువైంది.

పూల్ కంపెనీ మనిషి వచ్చి, ఫిల్టర్ దాటాక ఉన్న పైపు కోసి, మూరెడు గొట్టం ఒకటి బిగించాడు. దాన్ని సెల్ అంటారట. ‘‘నలభై పౌన్ల బస్తాలు పదమూడు తెచ్చి నీళ్ళలో చల్లండి. ఒక రోజంతా పంపు ఆడించండి. ఆ తర్వాతే సెల్ ఆన్ చెయ్యండి’’ అని మూడు ముక్కలు చెప్పి వెళ్ళిపోయాడు. మూడూ గుర్తుపెట్టుకున్నాననే అనుకున్నాను.

అప్పటికి నాన్న వచ్చి నెలైంది. బీపీ ఉందని మా ఆవిడ ఆయన కోసం ఇంట్లో అందరికీ ఉప్పు తగ్గించేసింది. కంచం ముందు ఆయన రోజూ ఒక నిట్టూర్పు విడిచేవారు. అలాంటి మనిషిని ఉప్పు కొనడానికి షాపుకి తీసుకెళ్ళాను. పదమూడు బస్తాలు బండి మీదకి ఎక్కుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. బిల్లు చేతికొచ్చేదాకానే.

‘‘ఈ 8.25 శాతం ఏమిట్రా?’’

‘‘టాక్స్ నాన్నా.’’

‘‘ఉప్పు మీద పన్నా?’’ అన్నారు. కౌంటర్ దగ్గరమ్మాయి ఉలిక్కిపడింది. ఉప్పు పన్ను కాదని 1930లో ఒంగోలు దగ్గర దేవరంపాడులో సత్యాగ్రహం జరిగిందని ఆ పిల్లకెలా తెలుస్తుంది? ఆయన అక్కడే బైఠాయించకముందే బయటికి తీసుకొచ్చాను.

ఇంటికొచ్చాక కారులోంచి బస్తా తీసి మా వాడికి అందించబోయాను. ‘‘ఆగు! ఉప్పు చేతికివ్వకూడదు, తగువులొస్తాయి’’ అన్నారు నాన్న. పద్ధెనిమిది కిలోల బస్తా. నేను కింద పెట్టాలి, వాడు కిందనుంచి ఎత్తుకోవాలి. ఇలా పదమూడు సార్లు. తగువులు రాలేదు గానీ నడుంనొప్పి వచ్చింది.

ఉప్పు పోసే ముందు నాన్న గట్టు మీద గొంతుకూచుని, వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు.

‘‘ఒరేయ్ అబ్బాయ్, ఇందులో ముందే ఉప్పుందిరా.’’

‘‘ఎందుకుంటుంది నాన్నా, ఇది క్లోరిన్ పూల్’’ అని నవ్వేశాను. బస్తాలన్నీ గుమ్మరించాను. చల్లటం కాదు, గుమ్మరించటమే. లోతు వైపు అడుగున తెల్లటి గుట్ట లేచింది. మా ఆవిడ కిటికీలోంచి చూసి, ‘‘ఏమండీ, పూల్‌కి దిష్టి తీస్తున్నారా?’’ అంది.

రోజంతా ఆగమన్నాడు కదా, రెండు గంటలాగి ఆన్ చేశాను. ‘ఉప్పు తక్కువ’ అని ఎర్ర దీపం వెలిగింది. ‘‘కరగనియ్యరా’’ అన్నారు నాన్న. నేను వెంటనే షాపుకి పరిగెత్తి ఇంకో మూడు బస్తాలు తెచ్చి పోశాను. మర్నాటికి గుట్ట మాయమైంది. దీపం మళ్ళీ వెలిగింది. ఈసారి ‘ఉప్పు ఎక్కువ’ అని.

నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి పరీక్ష చేయిస్తే, లీటరుకి మూడు గ్రాముల పైచిలుకు ఉండాల్సింది నాలుగున్నర దాటింది. అక్కడ తెలిసింది అసలు సంగతి. క్లోరిన్ బిళ్ళలు వేసిన పూల్‌లో ఆ క్లోరిన్ తన పని ముగించాక క్లోరైడ్‌గా, అంటే ఉప్పులో సగభాగంగా మిగిలిపోతుందట. ఏళ్ళ తరబడి అలా పేరుకుంటుంది కాబట్టి ముందు కొలవాలి, తర్వాత పొయ్యాలి. నాన్న వేలితో కొల్చి చెప్పిన లెక్క అదే.

‘‘మరి ఇప్పుడేం చెయ్యాలి?’’ అనడిగితే, పోసిన ఉప్పు తీసే మందు లేదన్నాడు షాపువాడు. కొన్ని నీళ్ళు తోడేసి, మంచినీళ్ళు నింపడమే. ‘‘చారులో ఉప్పెక్కువైతే మీ అమ్మ చేసేదీ అదే’’ అన్నారు నాన్న. ఆరు వేల గ్యాలన్లు తోడాను. ఉప్పు నీళ్ళు వీధి కాలువలోకి వదలకూడదు, మురుగు పైపులోకే పంపాలి. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు. ఉప్పు పోసినవాడు నీళ్ళ బిల్లు కట్టాలి.

చివరికి ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆ సంబరంలో రాత్రి భోజనాల దగ్గర సెల్ మహిమ వివరించాను. లోపల టైటానియం పలకలుంటాయి, వాటి మీద రుథేనియం పూత. కరెంటు పారితే ఉప్పు నీళ్ళు విడిపోతాయి. ఒక పలక దగ్గర హైడ్రోజన్, రెండో పలక దగ్గర...

‘‘రెండో పలక దగ్గర?’’ అంది మా ఆవిడ.

‘‘...క్లోరిన్.’’

కాసేపు స్పూన్ల చప్పుడు కూడా లేదు.

‘‘అంటే అబ్బాయ్’’ అన్నారు నాన్న నెమ్మదిగా, ‘‘క్లోరిన్ వద్దని రెండు వేల డాలర్లు పోసి, ఇంటి వెనకాల క్లోరిన్ ఫ్యాక్టరీ పెట్టావన్న మాట.’’

కాదనడానికి లేదు. అయితే దీనికీ ఒక సుఖముంది. బిళ్ళలు మొయ్యక్కర్లేదు. క్లోరిన్ ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పుడుతుంది, పని అయ్యాక మళ్ళీ ఉప్పుగా మారుతుంది, ఆ ఉప్పే మళ్ళీ పనికొస్తుంది. నీళ్ళు ఒంటికి మెత్తగా తగులుతాయి. నీళ్ళలో క్షారం పెరుగుతుంటుంది కాబట్టి యాసిడ్ మాత్రం పోస్తూనే ఉండాలి. చలికాలంలో నీళ్ళు బాగా చల్లబడితే సెల్ సెలవు పెట్టేస్తుంది.

‘‘మరి ఆ ఘాటు వాసన?’’ అంది మా ఆవిడ. అది అచ్చంగా క్లోరిన్‌ది కాదని, చెమటతోనూ, మరోదానితోనూ క్లోరిన్ కలిసి పుట్టే క్లోరమైన్‌లదని చెప్పాను. ‘‘మరోదానితోనా?’’ అంది. ఆదివారాలు మా పూల్‌కొచ్చే పిల్లలెందరో ఇద్దరం మనసులోనే లెక్కేసుకున్నాం. మా వాడు లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నాన్న మళ్ళీ గట్టు మీద కూచుని వేలు ముంచారు. మూడు ప్రయోగశాలల పెట్టు ఆ నాలిక. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

‘‘లీటరుకి మూడు గ్రాముల పైమాట. సముద్రంలో పదో వంతు’’ అని నేనే ముందు చెప్పాను.

ఆయన కళ్ళు మూసుకుని చప్పరించి, వంటింటి కిటికీ వైపొకసారి చూసి, గొంతు తగ్గించి అన్నారు.

‘‘సరిపోయిందిరా. అచ్చం మీ ఆవిడ పెట్టే చారులా ఉంది.’’