శ్వాస మీద ధ్యాస... రోడ్డు మీద?

ఎరువుల కంపెనీ ఉద్యోగి సుభాష్ పత్రి 1990లో కర్నూలు స్పిరిచ్యువల్ సొసైటీ పెట్టారు. ధ్యానానికి కళ్లు మూసుకుని శ్వాసను గమనిస్తే చాలన్నారు. ఖర్చేమీ లేదు, కూర్చోవడానికి కాస్త చోటుండాలంతే.

2025 జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షల మంది యోగా చేసి గిన్నిస్‌కెక్కారు. ఊపిరికీ రికార్డే!

ఇప్పుడు మౌనంగా, గుంపుగా ధ్యాన నడకలట. సరే, సీమలోనూ నడుద్దాం. మే నెలలో ఏడింటికే మాడ్చే ఎండ, కర్నూలు, కడప రోడ్ల పక్కన నీడేదీ? ఫుట్‌పాత్ మీద ఉగ్గాని బజ్జీ బండి, దాన్ని ఆనుకుని రెండు బైకులు, ఆ పక్కనే మూతలేని మురుగుకాల్వ. ఏకాగ్రత దానంతటదే కుదురుతుంది, పడకూడదు కదా!

నగరపాలక పెద్దలూ, బ్యానర్లు తర్వాత కట్టొచ్చు. ముందు ఆ కాల్వకు మూతేసి, నాలుగు వేపమొక్కలు నాటి నీళ్లు పోయండి.