రేసు దగ్గర స్టాలు పెట్టేవారికి ఉచిత సలహాలు

హెల్మెట్లు, జాకెట్లు, ఇంజనాయిలు, సైలెన్సర్లు అమ్ముకునే సోదరులారా! ఏ రేసు దగ్గర స్టాలు పెట్టాలా అని రాత్రింబవళ్ళు లెక్కలు వేసుకునే మీ అవస్థ చూడలేక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

జనం ఎంతమందో చూడండి. ఎందుకొచ్చారో చూడకండి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఇంజనాయిలు డబ్బాలు దించుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఎక్కడుంది? అక్కడ పరుగెత్తినవన్నీ కరెంటు కార్లు, వాటికి ఆయిలూ సైలెన్సరూ అక్కర్లేదు అని ఎవరైనా అడ్డుపుల్ల వేస్తే పట్టించుకోకండి. టైర్ల వ్యాపారులూ నిరభ్యంతరంగా రావచ్చు. ఆ పోటీలో కార్లన్నిటికీ హాంకూక్ టైర్లే వాడాలన్నది నియమం అప్పట్లో. అంటే మీవి ఊరికే ఇచ్చినా ఎవరూ బిగించుకోరు. సరుకు అయిపోతుందన్న బెంగ మీకుండదు.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు, కోయంబత్తూరు కారి స్పీడ్‌వే లాంటి చోట్ల జాతీయ పోటీల జోలికి మాత్రం పోవద్దు. గ్యాలరీలు పలచగా ఉంటాయి. వచ్చేవాళ్ళలో చాలామంది సొంతంగా బండి తోలేవాళ్ళు, వాళ్ళ మెకానిక్కులు, మహా అయితే ఇంటివాళ్ళు. పొద్దున ప్రాక్టీసులో పడి గ్లవ్స్ చిరిగినవాడికి, బ్రేక్ లీవరు విరిగినవాడికి మధ్యాహ్నం రేసులోపు కొత్తది కావాలి. బేరమాడే తీరిక కూడా ఉండదు పాపం. అలాంటి తొందరలో ఉన్న మనిషి దగ్గర డబ్బు పుచ్చుకోవడం ఏం మర్యాద? పైగా వచ్చే రౌండుకీ వాళ్ళే వస్తారు, పేరు పెట్టి పలకరిస్తారు, పక్క టీమువాళ్ళను వెంటబెట్టుకొస్తారు. ఆ రద్దీ మీవల్ల కాదు.

స్టాలు అద్దె మొత్తం ముందే కట్టేయండి. రేసు ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా అని అడగడం అపశకునం. హైదరాబాదులో రెండోసారి 2024 ఫిబ్రవరి 10న అన్నారు, జనవరిలోనే రద్దయింది. గ్రేటర్ నోయిడా బుద్ధ సర్క్యూట్లో ఫార్ములా వన్ 2011 నుంచి 2013 దాకా జరిగి ఆగిపోయింది. 2023లో అక్కడికే మోటోజీపీ బైకు రేసు వచ్చింది, మరుసటేడు రాలేదు. కనక ‘వచ్చే ఏడాదీ ఇక్కడే కలుద్దాం’ అని పెద్ద ఫ్లెక్సీ ఇప్పుడే కొట్టించి ఉంచుకోండి.

నీడ, ఫ్యాను అడగొద్దు. గ్రేటర్ నోయిడాలో 2023 సెప్టెంబరు ఎండకు మోటోజీపీ రేసునే 24 ల్యాపుల నుంచి 21కి కుదించారు. ఆ ఎండలో తోలు జాకెట్టు తొడుక్కుని చూడ్డానికి మీ కస్టమరు ఉబలాటపడుతుంటాడు.

కొన్న హెల్మెట్టు రేసయ్యేదాకా మా దగ్గరే దాచి ఉంచుతాం అని పొరపాటున కూడా అనకండి. చంకలో పెట్టుకుని సాయంత్రం దాకా నిలబడితే వాడికే దాని విలువ తెలుస్తుంది.

ఇంతా చేసి బోణీ కాకపోతే దిగులుపడొద్దు. అద్దె, లారీ కిరాయి, కుర్రాళ్ళ బత్తా అన్నీ కలిపి పద్దులో ‘బ్రాండింగ్’ అని రాసుకోండి, మీ ఆడిటరు సంగతి తర్వాత. మిగిలిపోయిన ఇంజనాయిలు డబ్బాలుంటే నాకో కబురు చేయండి, సగం ధరకైతే తీసుకుంటాను.