చుట్టం చూసిన బెజవాడ

తొలిసారి బెజవాడ దిగినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. కనబడిన ప్రతిదాన్నీ చూస్తారు! ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు ఆ బాధ లేదు.

ప్రకాశం బ్యారేజీ మీద బండి ఆపి ఫొటో దిగేది పొరుగూరివాళ్లే. 1957 నుంచి అక్కడే ఉందిగా, ఎక్కడికి పోతుందిలే అని మన ధీమా. గేట్లెత్తినప్పుడు మాత్రం పిల్లాజెల్లాతో వెళ్లి ట్రాఫిక్ ఆపేస్తాం.

రైలు దిగిన బావగారు కాలువ చూసి, "ఊరి నడుమ నీళ్లు! ఎంత అదృష్టమండీ" అంటాడు. ఏలూరు, బందరు, రైవస్ అని మూడున్నాయి. చెత్త కవరు విసిరేటప్పుడు మనమూ అటు చూస్తాం. గురి తప్పదు. బుడమేరు వాగును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. 2024 సెప్టెంబరులో అదే సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చి మరీ కనబడి పోయింది.

బావగారు ఇంకా అమాయకుడు. కార్ల్ మార్క్స్ రోడ్డు ఎటని అడిగితే, ఏలూరు రోడ్డులో నిలబడ్డ పెద్దమనిషి "ఈ ఊళ్లో లేదండీ" అన్నాడట. మహాత్మాగాంధీ రోడ్డుదీ అదే గతి. బందరు రోడ్డు అంటే తప్ప ఆటో కదలదు. వాదాలు వేరైనా మహానుభావులిద్దరికీ ఇక్కడ సమాన గౌరవమే.

మే నెలలో వస్తే మాత్రం మనమే గైడులం.

"అబ్బ, ఏం ఎండండీ!"

"ఇదేం ఎండ బావగారూ! మొన్న రావాల్సింది."