జర్నల్ సూత్రానికి టీకా తాత్పర్యము

అవతారిక: చెన్నై నుండి తిరుపతి పోవు దారిలో, తిరుత్తణి షెడ్డున ఒక లాన్సరు ఇంజను విప్పియుండెను. తిరువళ్లూరు హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారమున 1998 నుండి పుట్టిన కారు జాతి; పుట్టిల్లు దగ్గరే. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనిది కావున మేస్త్రి తెలుగుననే సెలవిచ్చెను.

మూలము: "కొలవకుండా బేరింగు కొనద్దన్నా. పది పోతే పది, ఇరవై పోతే ఇరవై."

ప్రతిపదార్థము: కొలవకుండా = మైక్రోమీటరు పెట్టకుండా (గోటితో గీరి చూచుట కొలత కాదు); పది పోతే = క్రాంకు జర్నలు (షాఫ్టున బేరింగులో తిరుగు గుండ్రని భాగము) గ్రైండింగులో అంగుళమున వేయింట పది వంతులు, అనగా పావు మిల్లీమీటరు తగ్గితే; పది = ఆ లోటు పూడ్చు మందపు బేరింగు; అన్నా = ఓ యజమానీ (వయసుతో పని లేదు, బిల్లు కట్టువాడు అన్నయే).

టీక: జర్నలును అడ్డముగను నిలువుగను, రెండు కొసల వద్దను కొలువవలెను. అడ్డానికీ నిలువుకూ తేడా వచ్చిన ఓవల్, కొసలకు తేడా వచ్చిన టేపరు. కనెక్టింగు రాడ్లు పట్టు పిన్నులలో ఒకటి చెడినను అన్నిటినీ ఒకే సైజుకు దించుదురు. బ్లాకులో కూర్చుండు మెయిన్లు బాగున్నచో వాటిని ముట్టనక్కరలేదు. మూలల గుండ్రదనము పోరాదు. వాడి మూలనే పగులు పుట్టును.

పూర్వపక్షము: మొదటనే జర్నలు లావుగా చేసియుంటే గొడవ లేదు కదా?

సమాధానము: లావు పదోవంతు పెరిగిన, మెలితిప్పును తట్టుకొను బిగువు నూటికి 46 పెరుగును, నిజమే. కాని నూనెకు విడుచు ఖాళీ అంతే ఉంచిన రాపిడి నష్టమూ నూటికి 33 పెరుగును. 6000 ఆర్పీఎం వద్ద 50 మిల్లీమీటర్ల జర్నలు ఉపరితలము సెకనుకు 15.7 మీటర్లు పరుగెత్తును. 60 అయిన 18.8. నూనె వేడెక్కును. అమెరికాలో షెవర్లే వారు 1968 నాటికి మెయిన్లను 2.30 అంగుళముల నుండి 2.45కు పెంచిరి. రేసుల వారో, పిన్నులను 1.88 అంగుళముల హోండా సైజుకు సన్నము చేసికొనిరి. ఇరువురూ తెలివైనవారే, ఒకరికి మన్నిక, ఇంకొకరికి వేగము.

మతభేదము: "పది సెట్టు స్టాకులేదు, ఇరవైకి కొట్టేద్దాం" అని కొందరు వ్యాఖ్యాతలందురు. ఇది అపవ్యాఖ్య. పదితో శుభ్రపడు జర్నలును ఇరవైకి దించుట షాఫ్టుకున్న ఒక ఆయువును షాపు అలమర కొరకు కోయుట. పైపొర మాత్రమే గట్టిపరచిన షాఫ్టులయితే అడుగునున్న మెత్తని లోహము బయటపడవచ్చును.

తాత్పర్యము: సైజు నిర్ణయించునది షాఫ్టు, స్టాకు కాదు. బిగించునప్పుడు అంగుళము వ్యాసమునకు వేయింట ఒక వంతు ఖాళీ ఉన్నదా అని చూడవలెను. 50 మిల్లీమీటర్ల జర్నలుకు 0.05 మిల్లీమీటరు. పది సెట్టు లేదన్నచో లోకలు రైలెక్కి చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డున వెదకవలెను. అది చేతికి వచ్చువరకు షాఫ్టును గ్రైండరు ఎక్కనీయరాదు.