శాతాలరావు గారి స్లాబు

"ఎంతొచ్చిందండీ?" అని పార్కులో ఎవరైనా పలకరిస్తే మామూలు మనిషి కరెంటు బిల్లు గురించనుకుంటాడు. శాతాలరావు గారు మాత్రం "ఇరవై నాలుగు పాయింట్ ఆరు" అని జవాబిస్తారు. అది ఆయన ఒంట్లో కొవ్వు శాతం. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, హైదరాబాదు హబ్సిగూడలో మా అపార్ట్‌మెంటు వాళ్ళెవరూ దాన్ని వాడడం లేదు. ఉద్యోగం విద్యుత్ శాఖలో డివిజనల్ ఇంజినీరు. వయసు 54. ఎత్తు 170 సెంటీమీటర్లు. బరువు 71.5 కిలోలు.

ఈ జాతి మగవాళ్ళు యాభైలో పడ్డాక తయారవుతారు. అప్పటిదాకా పెళ్ళిళ్ళలో మూడో బొబ్బట్టుకి వద్దనని మనిషే. ఆఫీసు వాళ్ళు చేయించిన హెల్త్ చెకప్‌లో ఒక అంకె పక్కన ఎర్రగా బాణం గుర్తు కనబడుతుంది. అక్కణ్ణుంచి రెండు దార్లు. తిండి తగ్గించడం ఒకటి, కొలిచే మిషను కొనుక్కోవడం ఇంకొకటి. శాతాలరావు గారు ఇంజినీరు కాబట్టి మిషను కొన్నారు.

ఆదర్శ బరువంటూ ఒక్కటే ఉంటే గొడవే ఉండేది కాదు. ఆయన దగ్గర మూడున్నాయి. సెంటీమీటర్లలో ఎత్తు తీసుకుని అందులోంచి వంద తీసేసేది మొదటిది. బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడి పేరు మీద చెలామణీలో ఉంది. దాని ప్రకారం ఆయన 70 కిలోలుండాలి. అయిదడుగులకు 50 కిలోలిచ్చి, ఆపైన అంగుళానికి 2.3 కిలోల చొప్పున కలిపే డివైన్ సూత్రం రెండోది. దాని ప్రకారం 66. ఈ రెండోది 1974లో పుట్టింది రోగికి మందు ఎంత ఎక్కించాలో లెక్కకట్టడానికి. పాపం, మగాడి అందం గురించి దానికేమీ తెలీదు. మూడోది బీఎంఐ, అంటే కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించేది. ప్రపంచంలో చాలాచోట్ల ఒప్పుకునే 24.9 దాకా వెళితే 72 కిలోల వరకు ఉండొచ్చు. శాతాలరావు గారు మూడు టెండర్లూ నిష్పక్షపాతంగా పరిశీలించి 72ని ఖాయం చేశారు.

మన దేశపు వైద్య నిపుణులు 2009లో ఒక మాట మీదకొచ్చి, మనవాళ్ళకి ఆ గీతను కిందికి దించారు. మనకి 23 మొదలు అధిక బరువు, 25 మొదలు స్థూలకాయం. ఈ లెక్కన శాతాలరావు గారు 66 దగ్గరే ఆగాలి. ఆ సంగతి ఎత్తితే "స్లాబులు ఇష్టమొచ్చినట్టు మార్చేస్తే వినియోగదారుడేమైపోవాలండీ?" అంటారు. పాతికేళ్ళుగా కరెంటు బిల్లులు పట్టుకుని అదే ప్రశ్న జనం ఆయన్ని అడుగుతున్నారు. ఒక్కసారైనా ఆయన జవాబు చెప్పినట్టు నేను వినలేదు.

బీఎంఐ విషయంలో మాత్రం ఆయన బెల్జియం పౌరుడు. ఆ లెక్కకి మూలపురుషుడు క్వెటెలె ఆ దేశంవాడే. పందొమ్మిదో శతాబ్దంలో నక్షత్రాలను కొలిచి, ఆ చేత్తోనే సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్కతేల్చాలని కూర్చున్నాడు. జనసమూహాల కోసం వేసిన లెక్క అది. బీఎంఐ అన్న పేరు పెట్టింది ఆయన కాదు, అమెరికాలో ఆన్సెల్ కీస్, 1972లో. హబ్సిగూడలో ఫలానా ఫ్లాటులో ఫలానా పొట్ట మీద తీర్పు చెప్పమని వాళ్ళిద్దర్నీ ఎవరూ అడగలేదు.

కొవ్వు దగ్గరికొచ్చేసరికి శాతాలరావు గారు మళ్ళీ పదహారణాల భారతీయుడైపోతారు. అప్పుడు పుణే డాక్టరు యాజ్ఞిక్, బ్రిటిష్ డాక్టరు యుడ్కిన్ కథ మొదలవుతుంది. 2004లో 'లాన్సెట్' పత్రికలో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ కూడా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు మోసే శరీరాలు మనవి అని వాళ్ళిద్దరూ తమ ఒళ్ళే చూపించి చెప్పారు. నిజానికి ఇది బీఎంఐని నమ్ముకుని కూర్చోవద్దని హెచ్చరిక. శాతాలరావు గారు చదువుకున్నది ఇంకోలా. "చూశారా, మన తప్పేం లేదండీ, జాతి లక్షణం" అని, ఆ పూట వేరుశనగ చట్నీ ఇంకో గరిటె వేయించుకుంటారు.

ఇక ఆ మిషను. కాళ్ళ కింద నాలుగు లోహపు పలకలుంటాయి. ఒక కాలిలోంచి మనకు తెలియనంత సన్నటి కరెంటు ఎక్కి రెండో కాలిలోంచి దిగుతుంది. కండలో నీరెక్కువ కాబట్టి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో నీరు తక్కువ కాబట్టి అడ్డుపడుతుంది. ఆ అడ్డును బట్టి, ఎత్తూ వయసూ కలుపుకుని మిషను ఒక అంచనా చెబుతుంది. కాలి నుంచి కాలికి పోయే కరెంటు చాలామటుకు నడుం కిందే తిరుగుతుంది. పొట్ట సంగతి మిషను ఊహించి రాసుకోవాల్సిందే. ఇదంతా నాకు వివరించింది శాతాలరావు గారే. ఇంత తెలిసినాయన చుక్క పక్కన వచ్చిన అంకెను కూడా కళ్ళకద్దుకోవడమే విచిత్రం.

పైగా ఒంట్లో నీరు కదిలితే అంకె కదులుతుంది. రాత్రంతా పడుకుని లేచేసరికి బరువు తగ్గి ఉంటుంది, కొవ్వు మాత్రం ఎక్కువ చూపిస్తుంది. సాయంత్రానికి తిన్నదీ తాగిందీ కలిసి బరువు పెరుగుతుంది, కాళ్ళలోకి నీరు దిగి కొవ్వు తక్కువ చూపిస్తుంది. ఈ రహస్యం తెలిసిన రోజున ఆయన మొహం వెలిగిపోయింది. అప్పట్నుంచి బరువు పొద్దున్నే, కాఫీకి ముందు, అన్ని పనులూ ముగించుకున్నాక. కొవ్వు సాయంత్రం, స్నానం చేసి, భోజనానికి ముందు. డైరీలో మాత్రం రెండూ ఒకే తేదీ ఎదురుగా, ఒకే వరసలో. ఆ డైరీలో ఉన్న మనిషి రోజులో ఏ గంటలోనూ ఎక్కడా ఉండడు.

గోడ మీద ఒక పట్టిక అంటించుకున్నారు. అమెరికాలో వ్యాయామ శిక్షకుల సంస్థ ఒకటి ప్రచారంలో పెట్టినది. మగవాళ్ళలో క్రీడాకారులకి 6 నుంచి 13 శాతం, ఒళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకి 14 నుంచి 17, సగటు మనుషులకి 18 నుంచి 24, ఇక 25 మొదలు స్థూలకాయం. మన శాతాలరావు గారిది 24.6. చూశారుగా, 24కీ 25కీ మధ్య ఆ పట్టికలో ఏమీ లేదు. ఆ సందులోనే ఆయన కాపురం.

కండ గురించి చెప్పకపోతే ఆయనకు కోపమొస్తుంది. మిషను లెక్కలో 51 కిలోల కండ. కిలో బరువుకి రెండు గ్రాముల ప్రోటీన్ తినాలని జిమ్ము కుర్రాడు చెప్పాడట. అంటే రోజుకి 143 గ్రాములు. గుడ్డుకి ఆరు గ్రాముల చొప్పున లెక్కకట్టి చెబితే "అయితే కోళ్ళఫారం పెట్టండి, ఇల్లు నేనమ్మేస్తా" అన్నారు వాళ్ళావిడ. దాంతో పొడి డబ్బాలు దిగాయి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలోకి 0.83 గ్రాములు చాలంది. ఆయనకైతే అది 60 గ్రాములు కూడా కాదు. 2024లో ఇచ్చిన సలహాల్లో కండ కోసం ప్రోటీన్ పొడులు వద్దని కూడా చెప్పింది. ఆఫీసుకి వెళ్ళే దారి తార్నాక మీదుగానే. ఆ సంస్థ దగ్గరికొచ్చేసరికి శాతాలరావు గారు ఫోను చూసుకుంటారు.

మొన్న గ్యాసు బండ వచ్చింది. "ఏమండీ, కాస్త వంటింట్లోకి జరిపి పెడుదురూ" అని లోపల్నించి వినబడింది. 51 కిలోల కండ వాచ్‌మన్‌ని కేకెయ్యడానికి బాల్కనీలోకి వెళ్ళింది.

ఛాతీ మీద ఏనుగునెక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారంటే ఆయనకు వల్లమాలిన భక్తి. "వీరఘట్టంలో పుట్టిన మనిషండీ! ఇండియన్ హెర్క్యులస్ అన్నారు! అంతటివాడి బాడీ ఫ్యాట్ ఎంతో ఎక్కడా రికార్డు లేదు. తెలుగుజాతి దురదృష్టం కాకపోతే ఏమిటి?" అని వాపోతారు.

ఆయన ఇంట్లో లేని పరికరం లేదు. చర్మం పట్టుకుని మందం చూసే పట్టకారు ఉంది. అమెరికా నావికాదళం పేరు మీదున్న కొవ్వు లెక్క ఫోన్లో ఉంది. అందులో నడుం కొలతలోంచి మెడ కొలత తీసేస్తారు గనక మెడ ఎంత లావైతే కొవ్వు అంత తగ్గుతుంది. చొక్కా కాలర్ బిగిసిందని సంతోషించే మనుషుల్లో నేను ఆయన్నొక్కర్నే చూశాను. లేనిదల్లా టేపు. నావికాదళం లెక్కలో కూడా నడుం అడిగిన చోట ప్యాంటు మీదున్న నంబరే వేస్తారు. అది 34. ప్యాంటేమో పొట్ట కింద ఎక్కడో పట్టు దొరికిన చోట వేలాడుతుంటుంది.

టైలర్ భాయ్ దగ్గర మాత్రం తప్పించుకోలేకపోయారు. కూతురి నిశ్చితార్థానికి సఫారీ కుట్టించాల్సి వచ్చింది. "సార్, నడుముకి తీస్కోవాల్నా, కడుపుకి తీస్కోవాల్నా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బొడ్డు మీదుగా చుట్టేశాడు. ముప్ఫై ఎనిమిది అంగుళాలు. అంటే దాదాపు 97 సెంటీమీటర్లు. మన మగవాళ్ళకి 90 దాటితే చక్కెర జబ్బుకీ గుండె జబ్బుకీ దారి దగ్గరైనట్టేనని డాక్టర్లు చెబుతున్న కొలత అదే. దానికి కరెంటక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, పొద్దున సాయంత్రం తేడా కూడా పెద్దగా రాదు. అందుకే కాబోలు శాతాలరావు గారు దాన్ని శాస్త్రీయం కాదన్నారు. "గుడ్డ కొలిచే టేపది. సాగిపోయుంటుంది" అని తేల్చేశారు.

మనిషి మంచివారు. లిఫ్టులో మీ పొట్ట వంక అదోలా చూస్తే నొచ్చుకోకండి, అది ఆయన పలకరింపు. మీరూ పలకరించండి. పొద్దున కనబడితే బరువెంతని అడగండి, సాయంత్రం కనబడితే కొవ్వెంతని అడగండి. పొరపాటున కూడా తారుమారు చేయకండి.