బావమరిది నడిసముద్రపు పెట్టుబడి

హ్యూస్టన్‌లో తెలుగువాళ్లు ఇండియా నుంచి పెద్దవాళ్లు రాగానే మీనాక్షి గుడి, నాసా, గాల్వెస్టన్ బీచి చూపిస్తారు. మా బావమరిది మాత్రం గాల్వెస్టన్ దాకా తీసుకెళ్లి, ఇసక మీద కాలు పెట్టనివ్వకుండా ఓషన్ స్టార్‌కి మళ్లిస్తాడు. అది 1969 నాటి చమురు రిగ్గు. హార్బర్లో మ్యూజియంగా నిలబెట్టారు. మా అత్తగారు మోకాళ్ల మీద చేతులేసుకుని అదంతా తిరిగొచ్చి, "ఈ ఇనప మంచె చూడ్డానికా నన్ను విమానం ఎక్కించావు!" అన్నారు.

వాడి గొడవ వాడిది: చమురు తవ్వే ఓడల కంపెనీల షేర్లు. బ్రెంట్ చమురు 2014 జూన్‌లో పీపా 115 డాలర్లుండేది, 2016 జనవరికి 30 లోపు పడింది. లోతు సముద్రంలో తవ్వే డ్రిల్‌షిప్పుకి రోజుకి ఆరు లక్షల డాలర్ల అద్దె నడిచిన చోట, రెండు లక్షలిస్తే మహాప్రసాదం అయింది. పనిలేని ఓడల్ని కానరీ దీవుల్లో లాస్ పాల్మాస్ రేవులో కట్టేశారు. పాతవి తుక్కు కింద అమ్మేశారు. ఆ కంపెనీల షేర్లంటే అందరూ ఆమడ దూరం పారిపోయారు. సరిగ్గా అప్పుడు మావాడు దిగాడు.

"అందరూ అమ్ముతున్నప్పుడే కొనాలి బావా. బావులు ఎండక మానవు, చమురు కావాలనేవాళ్లు తగ్గరు. ఇంతింత పోసి కొత్త ఓడ ఎవడూ కట్టించడు. ఉన్నవాటికి ఎప్పటికైనా గిరాకీ వచ్చి తీరుతుంది." ఏ ఓడ తుక్కుకి వెళ్లినా నాకు ఫోన్ చేసేవాడు: "ఇంకొకటి తగ్గింది బావా!" స్వీట్లు పంచడం ఒక్కటే తక్కువ.

కాకినాడ నుంచి వచ్చిన మా మామగారికి ఇది మింగుడు పడలేదు.

"ఆ ఓడల్తో మనకేం పనిరా?"

"అలా అంటావేంటి నాన్నా! మన కేజీ బేసిన్‌లో రిలయన్స్‌కి తవ్విన ధీరూభాయ్ డీప్‌వాటర్ కేజీ వన్, కేజీ టూ ఉన్నాయే, అవీ ట్రాన్సోషన్ అనే అలాంటి కంపెనీ ఓడలే."

"అద్దె వాళ్లకి పోయింది సరే. మనింట్లో గ్యాస్ బండ రేటు ఏమన్నా తగ్గిందేంట్రా?"

2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ ధర సున్నా కూడా దాటి మైనస్ 37.63 డాలర్లకి దిగింది. పీపా పట్టుకుపోతే ఎదురు డబ్బిస్తామన్నమాట. "ఇంతకన్నా కిందికి ఎక్కడికి పోతుంది బావా?" అన్నాడు మావాడు. చమురు అంతకన్నా కిందికి పోలేదు, నిజమే. కంపెనీలు పోయాయి. ఆ ఒక్క ఏడాదే డైమండ్ ఆఫ్‌షోర్, నోబుల్, వలారిస్ దివాలా కోర్టు మెట్లెక్కాయి. మావాడు ఎక్కువగా కొన్నదీ కోర్టుకెళ్లింది. దాని పేరు రాయను, వాళ్లావిడకి ఇంకా తెలీదు.

దివాలా వ్యవహారం పల్లెటూరి పెళ్లి భోజనం లాంటిది. తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్లది మొదటి పంక్తి, ఉత్త బాండ్లు కొన్నవాళ్లది రెండోది. షేర్లు కొన్నవాళ్లు ఆఖరి పంక్తిలో విస్తరేసుకుని కూర్చునేసరికి గాడిపొయ్యి ఆరిపోయి ఉంటుంది. ఓడలెక్కడికీ పోలేదు, పైన పనిచేసే మనుషులూ చాలామంది వాళ్లే. పాత షేర్లు చించేసి, అప్పులవాళ్లకి కొత్త షేర్లు రాసిచ్చారు, అంతే. ఎంత ఓపికయినా పట్టొచ్చు గాని, ఆ ఓపికకి ఫలితం కంపెనీ అప్పు తీర్చాల్సిన తేదీ లోపలే రావాలి. ఈ ఒక్క లెక్క మావాడి ఎక్సెల్ షీటులో లేదు.

ఇక్కడ తమాషా ఏమిటంటే, వాడన్నదంతా జరిగింది. 2023 నాటికి మంచి డ్రిల్‌షిప్పుల అద్దె ఐదు లక్షల డాలర్ల దరిదాపులకి వచ్చింది. దివాలా నుంచి బయటపడ్డ కంపెనీలు బాకీలు వదిలించుకుని, నున్నగా గుండు చేయించుకుని మళ్లీ మార్కెట్లో కూర్చున్నాయి. జోస్యం మావాడిది, లాభం బాండ్లవాళ్లది.

ఆ తర్వాత అద్దెలు కాస్త మెత్తబడ్డాయి. మావాడి గొంతులో హుషారు చూసి నాకు భయం వేసింది. "మళ్లీ షేర్లు కొన్నావా ఏంటి?" అని అడిగాను.

"ఛ, లేదు బావా. ఈసారి బాండ్లు కొన్నాను. ఆ కంపెనీ గనక దివాలా తీస్తే అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కుకున్నాను."